మాడిన మోటారుతో నెల్లూరు దాకా

ఉదయం ఆరూ నలభైకి కావలి స్టేషన్ మెట్ల దగ్గర మమ్మల్ని రైల్వే పోలీసు ఆపాడు. అతని తప్పేం లేదు. నా భుజం మీద గోతాం, అందులో పద్దెనిమిది కిలోల ఇనుము, పైగా మాడిన వాసన. విప్పి చూపించాను. రొయ్యల గుంటలో నీటిని చిలికే చక్రానికి బిగించే మోటారు. "రిపేరుకా?" అన్నాడు. "కాదు, కలెక్టరాఫీసుకు" అన్నాను. అతను నన్నూ, నా వెనక నిలబడ్డ రమణమ్మనూ, ముసలి పెంచలయ్యనూ ఒకసారి చూసి, ఇంకేమీ అడక్కుండా పొమ్మన్నాడు.

నా పేరు మస్తాన్. కావలిలో ఇరవై ఏడేళ్లుగా కాలిపోయిన మోటార్లకు మళ్లీ రాగి తీగ చుడుతుంటాను. ఇలాంటి పనిమీద నెల్లూరు వెళ్లాల్సినవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి ఏ రైలు, ఏ గేటు, ఎంతసేపు పడుతుందన్నది వివరంగా రాస్తున్నాను. మధ్యలో నా సొంత గోల కూడా వస్తుంది. భరించాలి.

మొన్న కార్తీకంలో తుఫాను వచ్చిన సాయంత్రం మా తీరంలో ఒక రొయ్యల గుంట దగ్గర ఇద్దరు చనిపోయారు. ఒకరు గుంట కాపలా మనిషి శీనయ్య, రమణమ్మ భర్త. రెండోవాడు పెంచలయ్య కొడుకు సురేషు, పక్క గుంటలో పనిచేసేవాడు. ఎలా జరిగిందో చూసినవాళ్లు లేరు. మర్నాడు పొద్దున ఇద్దరూ ఒకేచోట నీళ్లలో దొరికారు. సురేషు చెయ్యి శీనయ్య చొక్కాను పట్టుకునే ఉంది. తెగిన కరెంటు తీగ అదే నీళ్లలో పడి ఉంది. మూడో రోజుకల్లా ఆ తీగ మళ్లీ స్తంభమెక్కింది. విచారణ రిపోర్టులో మాత్రం, మధ్యాహ్నం పన్నెండుకే కరెంటు ఆపేశారనీ, వీళ్లిద్దరూ తాగి, గండిపడ్డ గట్టు దగ్గర రొయ్యలు పట్టుకోబోయి మునిగిపోయారనీ రాశారు. నీళ్లలో దొరికిన మనుషులు కాబట్టి ఆసుపత్రి కాగితంలోనూ మునక అనే ఉంది.

శీనయ్య బీడీ కూడా కాల్చేవాడు కాదు. రమణమ్మ నాలుగు నెలలు కాళ్లరిగేలా మండలాఫీసు చుట్టూ తిరిగి అడిగింది ఒక్కటే. "ఆ గాలివానలో ఆయన్ని గట్టు మీదికి ఎవురు పొమ్మన్నారు సార్?" ఎవరూ చెప్పలేదు. చివరికి, మోటార్ల సంగతి తెలిసిన మనిషివి, నువ్వు తోడు రాన్నా అని నన్నడిగింది.

టికెట్టు తలా పదిహేను రూపాయలు. ఏడూ పదికి రావలసిన ప్యాసింజరు ఏడూ ముప్పై అయిదుకు వచ్చింది. కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునేది సోమవారమే, ఆ రోజు రైలు ఆఫీసులకు పోయేవాళ్లతో నిండిపోయి ఉంటుంది. సామాను ఉన్నవాళ్లు వెనక పెట్టెలకు వెళ్లడం మేలు. గోతాం కాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చున్నాం. ఎదుట కూర్చున్న చేపల బుట్టల ఆవిడ సంచిని కాలితో తట్టి చూసింది.

"కావల్లో మెకానిక్కులే లేరా అబ్బయా, ఈ మోటారును నెల్లూరికి మోస్తా ఉండావు?"

కావలి మెకానిక్కును నేనే అని చెప్పుకోవడానికి నోరు రాలేదు. పెంచలయ్య నవ్వాడు. "ఉండాడమ్మా ఒకడు. వాడు జుట్టిన మోటార్లు ఇట్టనే కాలతాయి." కొడుకు పోయాక ఆయన నవ్వడం అదే నేను మొదటిసారి చూడటం. ఆ నవ్వు నాకు ముల్లులా గుచ్చుకుంది. ఎందుకో చెబుతాను.

రమణమ్మ అడిగే ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. ఆ సాయంత్రం అయిదూ పన్నెండుకు శీనయ్య నాకు ఫోన్ చేశాడు. "అన్నా, నిన్న నువ్వు బిగించిన మోటారు మూలుగుతా ఉండాది. ఏం జెయ్యమంటావు?" ఇవి మూడు తీగల మీద నడిచే మోటార్లు. నడుస్తుండగా ఒక తీగ తెగితే మిగిలిన రెండింటి మీద అలా మూలుగుతాయి. వెంటనే ఆపకపోతే లోపలి చుట్టలు మాడిపోతాయి. మా పనిలో ఉన్న ఎవణ్ణి నిద్రలేపి అడిగినా ఒకే మాట చెబుతాడు. నేనూ అదే చెప్పాను. "ముందు పోయి ఆపు." ఆపే స్విచ్చు ఉండేది గట్టు మీద. తీగ తెగిందంటే అది ఎక్కడో పడి ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. నా కళ్లకు కనబడింది నేను ఒక రోజంతా కూర్చుని చుట్టిన రాగి. మనిషి కనబడలేదు.

నాది పాత మీటల ఫోను. కొన్ని కాల్స్ మాత్రమే గుర్తుంచుకుంటుంది, కొత్తవి వస్తే పాతవి పోతాయి. చావు కబురు విన్న ఉదయం దాన్ని ఆపేశాను. అప్పటినుంచి మా ఆవిడ ఫోన్‌తోనే వ్యాపారం. ఆ కాల్‌ను చెరపలేదు, ఎవరికీ చూపించలేదు. రెండు వారాలకు గుంట లీజుదారు అదే మోటారును మళ్లీ చుట్టమని నా దగ్గరికే పంపాడు. విప్పితే మూడింట రెండు వంతులు బొగ్గు, ఒక వంతు కొత్త రాగిలా మెరుస్తోంది. కరెంటు ఉండగానే తీగ తెగిందని చెప్పడానికి ఇంకేం కావాలి? చుట్టకుండా అలాగే దాచాను. ఇది చూపిస్తే చాలు, ఫోన్ సంగతి ఎత్తే పని ఉండదు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఈ గోతాం మోసింది మంచితనంతో కాదు, భయంతో.

బిట్రగుంట దాటాక రమణమ్మ అంది. "నీ నంబరుకు ఎన్నిసార్లు జేసినా పలకలేదన్నా. మీ ఇంటామెకు జేసి కనుక్కున్నా."

"పాడైపోయిందమ్మా" అన్నాను. ఫోను నా చొక్కా జేబులోనే ఉంది. ముందు రోజు దానికి చార్జింగ్ కూడా పెట్టాను. ఎందుకు పెట్టానో అప్పటికి నాకే తెలియదు.

కొడవలూరు దగ్గర రైలు కాసేపు ఆగింది. రెండు పక్కలా వరికోతలు సాగుతున్నాయి. రమణమ్మ పుట్టిల్లు అక్కడే. కిటికీలోంచి పొలాలకేసి చూస్తూ, "మా నాయన వచ్చెయ్యమంటా ఉండాడు. తాగి సచ్చినోడి పెళ్లామని కాగితంలో రాసి పెట్టినాక, ఏ మొహం పెట్టుకుని పోయేది?" అంది. నేను గోతాం మూతి గట్టిగా కట్టినదాన్నే మళ్లీ కట్టాను.

తొమ్మిదీ అయిదుకు నెల్లూరులో దిగాం. స్టేషన్ బయట వీధిలో ఇడ్లీ బాగానే ఉంటుంది. తినే వెళ్లండి, లోపలికి పోయాక భోజనం సంగతి ఎవరూ చెప్పలేరు. ఆటో అతను మోటారుకు కూడా మనిషి లెక్క కట్టాడు. గేటు దగ్గర గోతాం మళ్లీ విప్పించారు. లోపల చెట్టు కింద అర్జీలు రాసేవాళ్లు నలుగురున్నారు. మాకు రాసిపెట్టినాయన కళ్లద్దాలు పైకి తోసుకుని ముందే హెచ్చరించాడు. "ఒక అర్జీలో ఒకే విషయం రాయాలమ్మా. రెండు రాస్తే ఏ ఆఫీసుకూ పోకుండా మధ్యలో పడి ఉంటాది. సాయం అడగతావా, రిపోర్టు సంగతి అడగతావా?"

పెంచలయ్య నోరు తెరిచేలోగా రమణమ్మ చెప్పేసింది. "రిపోర్టు. ఆయన తాగలేదని రాయాల. ఎవురు పొమ్మంటే పోయినాడో రాయాల."

ఆ రెండో వాక్యం కాగితం మీద పడుతుంటే నేను మంచినీళ్లకని పక్కకు వెళ్లాను.

టోకెన్ నంబరు నూట ముప్పై ఒకటి. హాల్లో గోడల పొడవునా ఒక్కో శాఖకు ఒక్కో బల్ల, మధ్యలో వేదిక మీద పెద్ద అధికారులు. పదిన్నరకు మొదలైంది. ఆధార్ జిరాక్సులు రెండు జతలు తీసుకెళ్లండి. కుర్చీ దొరికితే లేవకండి. మా పక్క కుర్చీలో తోటపల్లి గూడూరు నుంచి వచ్చిన రైతు ఒకాయన తన పొలం హద్దు సంగతి గంటసేపు చెప్పాడు. చెప్పి చెప్పి, "మీదేంది?" అని అడిగాడు. పెంచలయ్య "మా పిల్లోడు" అని ఆగిపోయాడు. ఆయన మళ్లీ హద్దు ఊసెత్తలేదు.

ఒంటి గంటా నలభైకి మా నంబరు పిలిచారు.

వేదిక మీద ఒక మేడమ్. నలభై ఏళ్లుంటాయి. అర్జీ మొత్తం చదివారు, అది చాలామంది చేయని పని. కరెంటు శాఖ బల్ల నుంచి కుర్ర ఇంజనీరును పిలిపించారు. నేను మోటారు తీసి బల్ల మీద పెట్టి, మాడిన చుట్టలూ మాడని చుట్టలూ చూపించాను. ఇరవై ఏడేళ్ల పనితనమంతా నా గొంతులోకి వచ్చేసింది. ఇంజనీరు వంగి టార్చి వేసి చూశాడు.

"నిజమే మేడమ్. ఒక లైను పోయాక రెండింటి మీద నడిచి కాలింది." తర్వాత నావైపు తిరిగాడు. "కానీ ఆ రోజే కాలిందని ఎట్లా చెప్తారు? ముందే కాలి ఉండొచ్చు కదా."

"ముందు రోజే నేను చుట్టి బిగించాను సార్."

"బిల్లుందా?"

మా వీధిలో బిల్లు రాసిన పాపాన పోయినవాడు లేడు. నా పద్దెనిమిది కిలోల ధైర్యం అక్కడితో సరి. మేడమ్ కలం మూత పెట్టారు. "తుఫాను సాయంత్రం అక్కడ కరెంటు ఉందని చెప్పగలిగిన మనిషి ఎవరైనా ఉన్నారా?"

రమణమ్మ "ఉన్నోళ్లిద్దరూ పోయినారు మేడమ్" అంది. మేడమ్ మా అర్జీని పక్కనున్న దొంతరలో పెట్టబోయారు. గార్డు నూట ముప్పై రెండు అని పిలిచాడు. కర్ర పట్టుకున్న ముసలాయన ఒకరు అప్పుడే మెట్టెక్కుతున్నారు. ఇప్పుడు దిగిపోతే ఇంకెప్పటికీ చెప్పనని నాకు స్పష్టంగా తెలిసిపోయింది.

"నేనున్నాను మేడమ్" అన్నాను.

ఫోను తీసి మీట నొక్కాను. అది తెరుచుకోవడానికి నిమిషం పట్టింది, పైగా హాలంతా వినబడేలా పాట పాడింది. వెనక కుర్చీల్లో ఎవరో నవ్వారు. జాబితా తెరిచి మేడమ్ ముందు పెట్టాను. శీనయ్య పేరు, తుఫాను తేదీ, అయిదూ పన్నెండు, నలభై ఎనిమిది సెకన్లు.

"ఏం చెప్పాడు?"

"మోటారు మూలుగుతోందన్నాడు. కరెంటు లేకపోతే మూలగదు మేడమ్."

"మీరేమన్నారు?"

"పోయి ఆపమన్నాను."

నేను వెనక్కి తిరిగి చూడలేదు. రమణమ్మ చేతిలోని జిరాక్సు కాగితం నలుగుతున్న చప్పుడు మాత్రం వినబడింది. ఇంజనీరు టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. మేడమ్ దొంతరలోంచి అర్జీ వెనక్కి తీసి, దాని మీద స్వయంగా పది పన్నెండు వాక్యాలు రాశారు. ఫోను తెరను ఫొటో తీయించారు. మోటారును ఉంచుకుని రసీదు ఇప్పించారు. పునర్విచారణ అట. గురువారం పది గంటలకు కావలి ఆర్డీవో ఆఫీసులో నేను వాంగ్మూలం ఇవ్వాలి. "మిమ్మల్ని కూడా ప్రశ్నిస్తారు. అక్కడ మాట మార్చరు కదా?" అన్నారు. మార్చనన్నాను.

బయట వరండాలో పెంచలయ్య నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"మోటారు కోసమా సాయిబూ? నా కొడుకు గూడా ఆ మోటారు కోసమేనా?"

ఆయన కండువాతో మొహం తుడుచుకుని గేటు వైపు నడిచాడు.

సాయంత్రం రైలు కోసం ఆగే ఓపిక ఎవరికీ లేదు. నాలుగూ ఇరవైకి బస్టాండులో కావలి బస్సెక్కాం. రైలు కన్నా ఖరీదే గానీ ఊళ్లోకి దింపుతుంది. పెంచలయ్య డ్రైవరు వెనక సీటుకు పోయి కూర్చున్నాడు. రమణమ్మ నా ముందు సీటులో కూర్చుంది. బస్సు పెన్నా వంతెన దాటింది, కోవూరు దాటింది. భుజం మీద బరువు లేదు, అయినా ఎటు ఒరిగినా నొప్పిగానే ఉంది.

కొడవలూరు రోడ్డు దగ్గర ఎవరో ఇద్దరు దిగారు. బస్సు కదిలాక రమణమ్మ వెనక్కి తిరిగింది.

"నలభై ఎనిమిది సెకన్లని చూపించినావు. మూలుగుతా ఉండాదని ఆయన, ఆపమని నువ్వు. అదింత సేపు పట్టదే. మిగతాది ఏం మాట్లాడినాడు?"

నాలుగు నెలలుగా నేను నా మాటనే తలుచుకుంటున్నాను. ఆయన మాటలు తలుచుకోలేదు. కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకున్నాను.

"మీ షాపు మీద రేకులు ఉండాయా లేచిపోయినాయా అని అడిగినాడమ్మా. ఉండాయని చెప్పినా. ఇది ఆపేసి ఇంటికి పోతా అన్నాడు. రమణమ్మ గొడ్డును లోపల కట్టేసిందో లేదో అన్నాడు."

"కట్టేసినా" అంది రమణమ్మ. అన్నది నాతో కాదు. "నాలుగింటికే కట్టేసినా గదా." అని ముందు సీటు కమ్మీ మీద తల ఆనించి ఏడ్చింది. కండక్టరు వచ్చి చూసి, మమ్మల్ని టికెట్లు అడగకుండానే ముందుకు పోయాడు. తర్వాత నేనే లేచి తీసుకున్నాను.

ఇలాంటి పనిమీద వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది పెద్దగా ఏమీ లేదు. ఆ ఆఫీసులో వినేవాళ్లు ఉన్నారు, విననివాళ్లూ ఉన్నారు. మాకు ఆ రోజు వినే మనిషి దొరికింది. ఆలస్యమంతా నావల్లే జరిగింది, ఆ నాలుగు నెలలూ నాలుక మడిచి కూర్చున్నది నేనే.

ఆరుంబావుకు కావలి బస్టాండులో దిగాం. పెంచలయ్య వెనక్కి చూడకుండా తమ ఊరి బస్సు ఆగే చోటికి వెళ్లిపోయాడు. రమణమ్మ నాలుగడుగులు అటు వేసి, మళ్లీ వచ్చి, నా మొహం చూడకుండా నా చెప్పులకేసి చూస్తూ మాట్లాడింది.

"నిన్ను చూస్తా ఉంటే కడుపు మండతా ఉండాదన్నా. ఎప్పటికి చల్లారతాదో నాకు తెలవదు. గురువారం పదింటికి మాత్రం నువ్వు ఆడ ఉండాల. ఆయన తాగలేదని, పని మీదనే పోయినాడని నువ్వే చెప్పాల. ఇంకెవురు జెప్పినా రాసుకోరు."

"ఉంటానమ్మా" అన్నాను.