అమ్మ ఉన్న వాటా

2024 ఏప్రిల్. లైసెన్స్‌డ్ సర్వేయర్‌గా నేను సొంతంగా పని మొదలుపెట్టి మూడేళ్ళు కావస్తోంది. గురజాల దాటాక రోడ్డు దిగి లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊళ్ళో, ఆరెకరాల పొలాన్ని అన్నదమ్ములిద్దరికీ కొలిచి పంచాలని కబురు వచ్చింది. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. మనుషుల పేర్లు మార్చాను.

పంపకంలో మా పని రెండు భాగాలు. మొదటిది రోవర్‌తో కొలవడం. రోవర్ అంటే ఉపగ్రహాల సంకేతం అందుకుని, మనం నిలబడ్డ చోటు ఎక్కడుందో కచ్చితంగా చెప్పే పొడవాటి కర్ర లాంటి పరికరం. రెండోది సబ్ డివిజన్ స్కెచ్ గీయడం. ఒక సర్వే నంబరును ముక్కలు చేస్తే ఏ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూపే పటం అది. రెండూ యంత్రంతో అయ్యే పనులే. వాటి మధ్య జరిగేదానికే యంత్రం లేదు.

ఆ రోజు ఊళ్ళోకి వెళ్ళేసరికి టీ కొట్టు దగ్గర ఎవరి ఫోన్‌లోనో చర్చ గట్టిగా మోగుతోంది. చనిపోయిన వాళ్ళ ఆస్తి మీద పన్ను వేసి, దాంతో ముసలివాళ్ళను చూసుకోవచ్చా అని. వినేవాళ్ళు ఫోన్‌లో వాళ్ళకంటే గట్టిగా అరుస్తున్నారు.

"సచ్చినోడి ఆస్తి మీద పన్నేంది? సచ్చినోడొచ్చి కడతాడా?"

"వాడు కట్టడు, నువ్వు కట్టాలి. అందుకేగా నీకు కాలుతోంది!"

వీళ్ళకింత పట్టింపు ఎందుకో తర్వాత తెలిసింది. ఆ ఊళ్ళో ఇదే చర్చ అప్పటికి రెండు నెలలుగా నడుస్తోంది. ఖాళీగా ఉన్న పత్తి గోడౌన్‌లో నాగమణి అనే ఆమె పగటిపూట ఊరి ముసలివాళ్ళను చూసుకుంటుంది. ఊళ్ళో ఆ గోడౌన్‌ను ముసలోళ్ళ గది అంటారు. పూర్వం నరసరావుపేటలో ఒక ఆసుపత్రిలో ఆయాగా చేసిన మనిషి. స్నానం చేయించడం, అన్నం పెట్టడం, మంచాన పడ్డవాళ్ళను పక్కకు తిప్పడం ఆమెకు బాగా తెలుసు. కానీ జీతం నిలకడగా లేదు. ఇస్తే ఇచ్చారు, లేకపోతే లేదు. ఇలాగైతే గుంటూరు వెళ్ళి కోల్డ్ స్టోరేజీలో మిర్చి తొడిమలు తీసే పనికి పోతానని ఆమె చెప్పేసింది.

దాంతో పెద్దమనుషులు ఒక మాట అనుకున్నారు. ఇకమీదట ఊళ్ళో ఏ పొలం పంచుకున్నా, ఎకరానికి ఐదు సెంట్లు ముసలోళ్ళ గది పేరున విడదీయాలి. ఆ నేల మీద వచ్చే కౌలు నాగమణి జీతానికి. ఒక ముసలాయన దీనికి పాత లెక్క చెప్పాడట: "మా నాయన కాలంలో ధాన్యం ఇంటికి రాకముందే కళ్ళంలో కమ్మరికీ వడ్రంగికీ మేర కొలిచి ఇచ్చేవోళ్ళం. ఎవుడూ ఏడవలేదు. ఇదీ అట్టాంటిదే." చట్టం కాదు, వట్టి మాట. మొదటి ఇల్లు ఒప్పుకుంటేనే నిలబడే మాట. ఆ మొదటి ఇల్లు నన్ను పిలిచినవాళ్ళదే.

పెద్దవాడు రామకోటయ్యకు యాభై దాటాయి. భార్య పోయింది, పిల్లలు లేరు. పక్షవాతంతో ఎడమ వైపు పడిపోయిన తల్లి కోటమ్మ గారితో ఉంటూ, పగలు ఆమెను నాగమణి దగ్గర దింపి వ్యవసాయం చేస్తాడు. చిన్నవాడు శ్రీను దాచేపల్లిలో సిమెంటు లారీ నడుపుతాడు, భార్యాబిడ్డలతో అక్కడే అద్దెకుంటాడు. ఐదు సెంట్ల మాటకు శ్రీను సరేనన్నాడు. రామకోటయ్య కాదన్నాడు.

"నాగమణికి నేను నెలనెలా నా చేత్తో ఇత్తానే ఉన్నా, ఒక్క నెల తప్పలా," అన్నాడు నాతో పొలం గట్టు మీద నడుస్తూ. "ఇచ్చేది నా ఇష్టం. ఊరు కోసుకుంటానంటే మాత్రం ఊరుకోను."

అందులో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు.

పొలం తీరు ఇది. తూర్పు వైపు నల్లరేగడి, బోరు, రోడ్డు. పడమటి వైపు పైకి తేలిన నాపరాయి, మధ్యమధ్యలో సాగుకొచ్చే మన్ను. ఆ ఊరి వాడుక ప్రకారం పెద్దవాడు వాటాలు వేయాలి, చిన్నవాడు ముందు ఏరుకోవాలి. చాలా తెలివైన పద్ధతి. వాటాలు వేసేవాడు ఎక్కడ మోసం చేసినా ఆ చెడ్డ ముక్క తనకే మిగులుతుంది. అందుకని ఎవరైనా మంచి నేలనూ రాళ్ళనూ చెరిసగం వచ్చేలా తూర్పు నుంచి పడమటికి అడ్డంగా గీస్తారు.

రామకోటయ్య నిలువుగా గీయమన్నాడు. ఒక వాటా మొత్తం రేగడి. రెండో వాటా మొత్తం రాళ్ళ చెక్క.

"ఇట్లా గీస్తే నష్టపోయేది మీరే," అన్నాను. "మీ తమ్ముడు బోరు వైపే తీసుకుంటాడు కదా."

"తెలుసు. గియ్యి అబ్బాయ్." కాస్త ఆగి, "ఇంకోటి. అమ్మ పోషణ పడమటి వాటాకి రాయి," అన్నాడు. అంటే రాళ్ళ చెక్క ఎవరు తీసుకుంటే తల్లి వాళ్ళ దగ్గర ఉండాలి.

నాకు మనసొప్పలేదు. కన్నతల్లిని పనికిరాని నేలకు ముడిపెట్టడమేమిటి? అయినా వాటాలు వేయడం నా పని కాదు. మూలల్లో మేకులు కొట్టి, టాబ్‌లో స్కెచ్ గీశాను. శ్రీను వచ్చాడు, చూశాడు. ముఖం ఎర్రబడింది.

"ఏందన్నా ఇది? అమ్మని రాళ్ళకి కట్టావా?"

"ఏరుకో. ఎవురు కాదన్నారు?"

"బోరు నాకిచ్చి అమ్మని ఒదిలిచ్చుకోమంటన్నావా? ఊళ్ళో నన్నేమనుకోవాల? పొలం కోసం తల్లిని ఒదిలేశాడనుకోరూ? అసలు మనూళ్ళో తల్లి ఎప్పుడైనా చిన్నోడి దగ్గరే కదా ఉంటంది. నాయన పోయినకాడ్నించీ దాచేపల్లి తీసకపోతాననే అంటన్నా!"

"లారీ మీద తిరిగేవోడివి, నువ్వేం చూత్తావురా?"

"నువ్వు రాళ్ళ మీద కూచోబెట్టి చూడు మరి!"

గొంతులు పెరిగాయి. గట్టు మీద నిలబడ్డ ఊరివాళ్ళు నలుగురూ శ్రీను వైపే మాట్లాడారు. రామకోటయ్య తల వంచుకుని కాలి కింద మట్టి పెళ్ళను చిదుపుతూ నిలబడ్డాడు.

అప్పుడే రోడ్డు మీద ఆటో ఆగింది. ఎవరో కబురు చెప్పినట్టున్నారు. నాగమణి ముందు దిగి, కోటమ్మ గారిని వెనక సీట్లో నుంచి దించకుండానే మా వైపుకి తిప్పి కూర్చోబెట్టింది. కోటమ్మ గారికి మాట కొంచెం ముద్దగా వస్తుంది గాని, చెవులు బాగా పనిచేస్తాయి.

"ఏందిరా గోల? బోరు కాడికి ఇనపడతంది."

శ్రీను జరిగింది చెప్పాడు. ఆమె విని, నోటి ఒక పక్కనుంచే నవ్వింది.

"ఒరే సీనుగా, పిచ్చోడా. వాడు నన్ను ఒదిలిచ్చుకోవడం లేదురా. నువ్వు తీసకపోతావేమోనని నన్ను రాళ్ళలో దాచిపెట్టాడు."

రామకోటయ్య బోరు వైపు తిరిగి నిలబడ్డాడు. మంచి నేల మూడెకరాలూ పోగొట్టుకోవడానికి సిద్ధపడి ఆ గీత గీయించాడని నాకప్పుడు అర్థమైంది. తల్లి వెళ్ళిపోతే ఆ ఇంట్లో మాట్లాడే మనిషి ఉండదు. ఆ మాట తమ్ముడితో చెప్పుకోలేక స్కెచ్‌లో చెప్పాడు.

ఇక్కడ నేను కలగజేసుకోవాల్సి వచ్చింది. అసలు రోవర్ బయటికి తీయకముందే అడగాల్సిన ప్రశ్న.

"ఈ పొలం మీ నాన్నగారు సొంతంగా కొన్నదేనా? వీలునామా ఏమైనా రాశారా?"

సొంతంగా కొన్నదే, వీలునామా లేదు, అక్కచెల్లెళ్ళు కూడా లేరు అన్నారు.

"అయితే వాటాలు రెండు కాదు, మూడు. భార్యకు కూడా కొడుకులతో సమానంగా హక్కుంది. అమ్మగారి రెండెకరాలు అమ్మగారివే. ఆమెను ఎవరి వాటాకూ కట్టక్కర్లేదు."

కోటమ్మ గారు నన్ను పరీక్షగా చూసింది. "నాకు రెండెకరాలా? ఈ మాట ముందే చెప్పొద్దూ నాయనా, ఇన్నాళ్ళూ వీళ్ళకి భయపడి చచ్చా!" నాగమణి పకపకా నవ్వింది. శ్రీను కూడా నవ్వాపుకోలేకపోయాడు.

"సరే, ఆ రాళ్ళ వైపు రెండెకరాలు నాకెయ్యండి. మిగతాది మీరిద్దరూ కొట్టుకోకుండా పంచుకోండి. నేను రాంకోటిగాడి కాడే ఉంటా. ఇంకోటి, ఊరోళ్ళు అడిగిన సెంట్లు నా దాంట్లోంచి ముందు కొలవమనండి."

"అమ్మా!" రామకోటయ్య ఇటు తిరిగాడు. "నీకేం తక్కువ చేశా? నాగమణికి నేనిత్తన్నాగా!"

"నాకేం తక్కువరా? నువ్వున్నావు." ఆమె మాట కోసం కొంచెంసేపు తడుముకుంది. "నువ్వు చేత్తో ఇత్తన్నావు. బాగుంది. రేపు నాలాగా నువ్వు పడితే, ఆ చెయ్యి లేవద్దూ? పిల్లా లేదు, జెల్లా లేదు. నేనుండను. సీనుగాడు లారీ మీదుంటాడు. నిన్ను పక్కకి తిప్పేదెవురు? ఆ గది ఉంటే నాగమణో, దాని తర్వాత ఇంకో నాగమణో ఉంటది. నేనిచ్చేది నాకోసం అనుకుంటన్నావా?"

రామకోటయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. చెమటే అనుకోమన్నట్టు మెడ కూడా తుడుచుకున్నాడు.

కొత్తగా మూడు వాటాలు వేశాను. ఈసారి రామకోటయ్య మిగిలిన నాలుగెకరాలను అడ్డంగా, సమానంగా గీయించాడు, శ్రీను ఉత్తరం వైపు ముక్క ఏరుకున్నాడు. ఆఖరున కోటమ్మ గారి వాటాలో, పడమటి మూల, గది పేరున పది సెంట్లు కొలిచి మేకులు కొట్టాను. రామకోటయ్య వచ్చి కాసేపు చూశాడు. వంగి నాలుగు మేకులూ పీకేశాడు.

మళ్ళీ మొదలైందనుకున్నాను.

"రాళ్ళకి కౌలెవుడిత్తాడు? నాగమణికి జీతం కింద నాపరాళ్ళిత్తామా?" మేకులు పట్టుకుని తన వాటాలోకి, రేగట్లోకి నడిచాడు. "అమ్మ సెంట్లు ఇక్కడ కొలువు. పక్కనే నాయి కూడా కలుపు."

శ్రీను వెనకాలే వచ్చాడు. "అన్నా, నా సెంట్లు కూడా నువ్వే చూపిచ్చు. నేను చూపిత్తే మళ్ళీ ఏదో ఒకటంటావు." తర్వాత గొంతు తగ్గించి, "నేనొచ్చిన రోజు మాత్రం నాగమణికి సెలవియ్యి. అమ్మకి నేను చేత్తా."

"వీడు చేత్తాడంట!" ఆటోలోంచి కేక వినబడింది. "లారీ కడిగినట్టు కడుగుతాడే నాగమణీ, నువ్వు మాత్రం యాడికీ పోమాకు!"

నాగమణి గుంటూరు వెళ్ళలేదు. ఆ ఏడాది ఊళ్ళో జరిగిన మిగతా పంపకాలు కూడా నేనే కొలిచాను. కొందరు సెంట్లు ఇచ్చారు, కొందరు ఇవ్వలేదు. ఇవ్వనివాళ్ళను ఎవరూ వెలివేయలేదు గాని, టీ కొట్టు దగ్గర ఎత్తిపొడుపులు తప్పలేదు.

ఆస్తి మీద పన్ను వేయడం న్యాయమా అని ఎవరైనా అడిగితే నాకు ఈ ఇల్లే గుర్తొస్తుంది. రామకోటయ్య మొదట చెప్పిన మాటలో న్యాయం ఉంది. వాళ్ళమ్మ చెప్పిన దాంట్లోనూ ఉంది. నాకు తెలిసినదల్లా, ఇవ్వడానికి భయపడే మనిషి తన ముసలితనాన్ని ఇంకా చూడలేదని, ఆమె మాత్రం తన కొడుకు ముసలితనాన్ని ముందే చూసిందని.

నా పనిలో ఒకటి మారింది. పంపకానికి పిలిస్తే ఇప్పుడు రోవర్ తీయకముందే, ఆ ఇంట్లో ఎవరి పేరు వాటాల్లో రాలేదో అడుగుతాను. సాధారణంగా ఆ మనిషి ఇంట్లో మంచం మీద ఉంటారు. పొలం దగ్గరికి రాలేకపోతే, స్కెచ్ పట్టుకుని ఆ మంచం దగ్గరికే వెళ్తాను.