చేతి చర్మానికి పుట్టిల్లు

కొత్త ఊళ్లో దిగినవాడు ముందుగా వెతకాల్సింది సత్రాన్ని కాదు, మంచి క్షౌరశాలను. ఊరి సంగతులన్నీ అక్కడ వెంట్రుకలతోపాటు నేల మీద రాలుతుంటాయి, ఏరుకోవడమే తరువాయి. ఆ వీధిలో అలాంటి దుకాణం బావది. అతనికి సొంత పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. రెండో కుర్చీ దగ్గర పనిచేసే బావమరిది రోజుకు నూరుసార్లు "బావా!" అని కేకేయడంతో, వీధి వీధంతా అతనికి అదే వరస కలుపుకుంది.

బావ గొప్పతనం కత్తిలో లేదు, వేడి తువ్వాలులో ఉంది. గడ్డం గీయడం అయ్యాక పొగలు కక్కే నీళ్లలో తువ్వాలు ముంచి, పిండి, ముందు తన కుడిచేతి వెనకవైపు ఆనించుకునేవాడు. జాతకం చూసేవాడిలా ఒక్క క్షణం కళ్లు మూసుకునేవాడు. "ఊఁ" అన్నాకే ఎదుటివాడి మొహం మీద పరిచేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్కడూ కుయ్యిమనలేదు. బావమరిదికి ఆ ఓపిక లేదు గాని, మొదటి కుర్చీ మీద ఆశ మాత్రం బండెడు.

ఒక పొద్దున దుకాణం ఇనప షట్టరు, తన కిర్రు కిర్రులను ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదని అలిగిందో ఏమో, దబ్బున బావ కుడిచేతి మీద పడింది. చేయి లాక్కున్నాడు. చేయి వచ్చింది గాని, వెనక తోలు తొడుగు ఊడినట్టు ఊడిపోయింది.

ఆసుపత్రి డాక్టరు రెండుసార్లు మత్తిచ్చి, చచ్చిన కండంతా కోసేసి, కడిగి చూశాడు.

"గోడలు బానే ఉన్నాయయ్యా, కప్పే లేచిపోయింది. తొడ మీంచి పల్చటి తోలు తీసి పరుద్దామంటే, వేళ్లని లాగే నరాలు బయటపడి ఉన్నాయి, వాటి మీద అంటుకోదు. కింద కొవ్వుతో సహా దళసరి తోలు కావాలి."

"ఎక్కణ్ణించి తెస్తారండీ?"

డాక్టరు దుప్పటి కొంచెం దించి బావ పొట్టకేసి చూశాడు. "దేవుడు నీ దగ్గరే దాచాడు. బోలెడుంది."

శిక్షగా ముక్కులు కోసే రోజుల్లో, నుదుటి తోలు కిందికి మడిచి కొత్త ముక్కు కట్టిన వైద్యులున్నారు. తోలు చెట్టుకి కట్టే అంటు లాంటిది. కొత్తచోట వేళ్లూనేదాకా పాత చెట్టు నుంచి వేరు చెయ్యకూడదు. అందుకని డాక్టరు బావ పొత్తికడుపు మీద తోలుని మూడువైపులా కోసి, రేకులా లేపి, చేతిని దాని కింద పెట్టి కుట్టేశాడు. మూడు వారాలు చేయి కదలకూడదు. జేబులో ఏదో వెతుకుతూ శిలైపోయినవాడిలా పడుకున్నాడు బావ. వార్డంతా అతన్ని బావా అనే పిలిచింది. నర్సులు మాత్రం జాగ్రత్తపడి "ఆరో నంబరు" అన్నారు.

భార్య ముద్దలు చేసి నోట్లో పెడుతూ దెప్పింది. "పెళ్లినాడు నా చెయ్యి పట్టుకుని పది నిమిషాలకే వదిలేశావు. ఆ పొట్టని మాత్రం మూడు వారాలు వదలవా, ఏమయ్యా?"

నవ్వితే కుట్లు లాగుతాయి, నవ్వకపోతే ఏడుపొస్తుంది. బావ భయమంతా ఒక్కటే. దుకాణంలో ఆ మొదటి కుర్చీ వెనక మళ్లీ నిలబడగలడా?

మూడు వారాలకు చేతిని విడదీశారు. బొజ్జ ముక్క చేతి వెనక బన్నులా కూర్చుంది. డాక్టరు చెప్పాడు: "వేళ్లు రోజూ వంచు, ఏడ్చుకుంటూ అయినా వంచు. ఇంకో మాట విను. ఆ తోలుకి స్పర్శ ఉండదు. వేడి దగ్గర జాగ్రత్త. నీకు కత్తి పట్టడం వచ్చిన రోజు మొదటి గడ్డం నాది."

బావ తలూపాడు. ఆసుపత్రిలో తలూపనివాడెవడు? మొదటి మాటా చివరి మాటా తప్ప ఏదీ చెవికెక్కలేదు.

ఎనిమిది నెలలు బంతి నొక్కాడు, గాలిలో కత్తెర ఆడించాడు. పొట్ట బుద్ధి పోక ఆ తోలు మీద వెంట్రుకలు మొలిస్తే, వాటినే గీసి కత్తి సాధన చేశాడు. మొదటి కుర్చీలో మాత్రం ఎవరూ కూర్చోలేదు. అందరికీ బావ మీద జాలే, తమ పీక మీద అంతకన్నా జాలి. ఆఖరికి డాక్టరే వచ్చి కూర్చున్నాడు. వీధి జనం గుమ్మం దగ్గర మూగారు. కత్తి వెన్నలా నడిచింది. ఒక్క గాటు లేదు.

"భేష్ బావా!" అన్నారెవరో.

ఆ ఊపులో బావ తువ్వాలు ముంచి, పిండి, పాత అలవాటున చేతి వెనక ఆనించి కళ్లు మూసుకున్నాడు. "ఊఁ" అని పరిచాడు.

డాక్టరు కుర్చీలోంచి జానెడు ఎగిరాడు. "చచ్చాన్రా నాయనా!"

తువ్వాలు ఒకచోట, డాక్టరు కుళాయి కింద. గుమ్మం దగ్గర జనం ఒక అడుగు వెనక్కి. బావ మొహం డాక్టరు బుగ్గలకన్నా ఎర్రబడింది.

"చెప్పానా లేదా నీకు?" మొహం మీంచి నీళ్లు కారుతుండగానే అరిచాడు డాక్టరు. "కంగారు పడకు, పైపైనే కమిలింది, తగ్గిపోతుంది. అది చేతి తోలు కాదయ్యా, పొట్టది. వేడి సంగతి దాన్నేం అడుగుతావు?"

బావమరిది గొంతు సవరించుకున్నాడు. "పోనీ బావా, ఇకనించి మొదటి కుర్చీ సంగతి నేను..."

బావ వినలేదు. ఇంకో తువ్వాలు ముంచి పిండాడు. ఒక్కసారిగా చొక్కా పైకెత్తి, మచ్చ పక్కన బొజ్జకి ఆనించుకున్నాడు. "అబ్బా!" అని తీసి, విదిలించి, మళ్లీ ఆనించుకున్నాడు.

"కాపురానికొచ్చిన పిల్ల నోరు విప్పకపోతే పుట్టింటివాళ్లని అడగాలి," అన్నాడు. "ఏరా, మొదటి కుర్చీ కావాలన్నావుగా. కూర్చో."

"బావా, నేనన్నది కూర్చోడం కాదు..."

"కూర్చోవయ్యా," అన్నాడు డాక్టరు, చెంపకి తడిగుడ్డ అదుముకుంటూ. "ఏదైనా అయితే నేనున్నాగా."

బావమరిది ఉరికంబం ఎక్కినవాడిలా ఎక్కాడు. తువ్వాలు మొహం మీద పడింది. వీధి ఊపిరి బిగబట్టింది.

కాసేపటికి తువ్వాలు కిందనుంచి నిద్రమత్తు గొంతొకటి వచ్చింది. "బావా... ఇంకాసేపు ఉంచు."

అప్పటినుంచి ఆ దుకాణంలో, బావ చొక్కా పైకి లేవందే ఎవడూ మొహం అప్పగించడు.