అహరోనుగారి ఆఖరి పావుగంట

అహరోనుగారు ఈ డెబ్భై ఏళ్లలో తక్కువలో తక్కువ వెయ్యి సినిమాలు చూసి ఉంటారు. ఒక్కదాని ముగింపు కూడా చూడలేదు. కరెంటు పోయి కాదు, కునుకు పట్టి కాదు. ఇంకో పావుగంటలో సినిమా అయిపోతుందనగా లేచి బయటికి వచ్చేస్తారు, అంతే.

కోర్టులో జడ్జిగారు తీర్పు చదవడానికి కళ్లజోడు పెట్టుకుంటుండగా లేచిపోయారు. చిన్నప్పుడు తప్పిపోయిన అన్నదమ్ములు ఒకరి చేతి మీది పచ్చబొట్టు ఒకరు చూసుకోబోతుండగా లేచిపోయారు. హీరోయిన్ మెడలో తాళి పడుతుందో లేదోనని హాలంతా ఊపిరి బిగబట్టిన వేళ, నడుం వంచి, వరసలో ఉన్నవాళ్ల మోకాళ్లన్నిటికీ పేరుపేరునా క్షమాపణ చెప్పుకుంటూ బయటపడ్డారు. ఏలూరులో ఆ హాలు గేటు మనిషి గడియారం చూసుకోవడం ఎప్పుడో మానేశాడు. అహరోనుగారు బయటికొస్తే గేట్లు తీసే టైం దగ్గరపడ్డట్టు లెక్క.

పోనీ ముగింపు మీద ఆసక్తి లేదా అంటే, ఆయనకున్నంత ఆసక్తి తీసినవాళ్లకి కూడా ఉండదు. మర్నాడు ఆదివారం చర్చి విడిచిపెట్టగానే మెట్ల దగ్గర కాపువేసి, సినిమాకి వెళ్లినట్టు అనుమానం ఉన్న ప్రతివాళ్లనీ, చివరికి ఏమైందండీ అని అడిగేవారు. సంఘ పెద్దల ముందు అలా అడిగితే పాపం వాళ్లేం చెబుతారు? మేం సినిమాలు చూడమండీ అని గట్టిగా చెప్పి, తర్వాత గోడ పక్కకి తీసుకెళ్లి మొత్తం చెప్పేవారు. ఒకాయన హీరో చచ్చిపోయాడనేవాడు, ఇంకొకావిడ పెళ్లయిందనేది. అహరోనుగారు ఇద్దరికీ తలూపి, బాగుందండీ, చాలా బాగుంది అనేవారు.

ఆయన మిషన్ స్కూల్లో ముప్ఫై రెండేళ్లు గంట కొట్టిన అటెండరు. పిల్లలంతా గంట మాస్టారనేవారు. ఊళ్లో సగం మంది పీరియడ్లు టైముకి ముగించిన మనిషికి సినిమా ముగింపు దగ్గర ఏం తెగులొచ్చిందని ఇంట్లో ఎన్నోసార్లు నిలదీశారు. కాళ్లు పట్టేస్తాయని ఒకసారి చెప్పారు. జనంలో ఊపిరాడదని ఇంకోసారి చెప్పారు. చివర్లో ఏడుపు ఆపుకోలేనని మూడోసారి చెప్పారుగానీ, ఆ రోజు చూసొచ్చింది ఆద్యంతం నవ్వుల సినిమా.

ఈ మనిషి వల్ల అందరికంటే ఎక్కువ అవమానపడ్డది నిస్సీ. ఆయన తమ్ముడి కూతురు. చిన్నప్పుడు శనివారం మ్యాట్నీకి ఆయనే తీసుకెళ్లేవారు. ఆఖర్న పిల్లని పక్క సీటు పెద్దావిడకి అప్పగించి మాయమయ్యేవారు. బొమ్మ వదిలాక గేటు దగ్గరికి చెమటలు కక్కుకుంటూ వచ్చి, అందరూ వినేలా, "చివరికి ఏమైందమ్మా?" అనేవారు. టిక్కెట్టు కొనుక్కుని వెళ్లిన మనిషి పదేళ్ల పిల్లని కథ అడుగుతుంటే జనం నవ్వకేం చేస్తారు? ఎనిమిదో తరగతిలో స్నేహితురాలు ఎవరే ఆయన అని అడిగితే, మా పక్కింటాయన అని చెప్పేసింది నిస్సీ. ఆ మాట ఆయన విన్నారో లేదో ఇప్పటికీ తెలీదు. తలుచుకున్నప్పుడల్లా మాత్రం దాని చెవులు వేడెక్కుతాయి.

ఇప్పుడు నిస్సీ డిగ్రీ రెండో సంవత్సరం. క్లాస్‌మేట్ ఇందుతో కలిసి యూట్యూబ్‌లో ఓ ఛానెల్ పెట్టింది. హాలు ముందు మైకు పట్టుకుని, సినిమా ఎలా ఉందండీ అని అడిగే పబ్లిక్ టాక్. చూసేవాళ్లు రెండువందల పన్నెండు మంది, అందులో నూట యాభై మంది చుట్టాలు. అలాంటి రోజుల్లో 'నెత్తుటి వెన్నెల' ఐదో భాగం వచ్చింది. రక్తం తాగే ఓ తెల్ల కుర్రాడికీ, కాలేజీ పిల్లకీ నాలుగు భాగాలుగా నడుస్తున్న ప్రేమకి ఇదే ముగింపు. ఇంగ్లీషు సినిమా తెలుగులో మాట్లాడుతోంది. మొదటి శనివారం మ్యాట్నీకి తాడేపల్లిగూడెం నుంచి రైలెక్కి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

ఉదయం ఆట వదిలినప్పుడు అభిప్రాయాలు వెల్లువెత్తాయి. ఆఖర్న ఆ కుర్రాడు చావులేని బతుకు వదులుకుని మామూలు మనిషైపోతాడట. సగం మంది తుస్సుమందన్నారు, సగం మంది కళ్లు తుడుచుకున్నారు. రెండువందల ఏళ్లుగా కాలేజీకి వెళ్తున్నాడంటే ఎన్ని సబ్జెక్టులు మిగిలిపోయాయో కనుక్కోమన్నాడు ఓ లెక్చరరు. గూడెం నుంచి వచ్చిన ఓ పెద్దావిడ మాత్రం మైకు లాక్కుంది. "రక్తం తాగితే తాగాడమ్మా, తన పని తనే చేసుకుంటాడు. మావారు మంచినీళ్లు కూడా ముంచుకోరు," అంది.

మ్యాట్నీ ఇంకా నడుస్తోంది. అయిదు కావస్తోంది. గేటు తెరుచుకుని ఒక్క మనిషి ఒంగుని బయటికొచ్చారు. ఎవరో చెప్పక్కర్లేదు. నిస్సీ తిరిగి చూసేలోపే ఇందు మైకు పట్టుకుని అడ్డం పడింది. ఆ అమ్మాయికి ఈయన ఎవరో తెలీదు.

"ఎలా ఉందండీ సినిమా?"

"అద్భుతమమ్మా. ముగింపైతే మరీనూ."

"ముగింపు చూశారా అండీ?"

"లేదమ్మా, ఇంకా అవలేదు," అని పరుగందుకున్నారు. ఎడమకాలి చెప్పు ఊడింది. వెనక్కొచ్చి దాన్ని చేత్తో పట్టుకుని, ఒక కాలికి చెప్పుతో, ఒక చేతిలో చెప్పుతో, మలుపు తిరిగేదాకా పరిగెత్తారు.

ఇందు నవ్వలేక కూలబడింది. ఆయన మా పెదనాన్నే అని చెప్పడానికి నిస్సీకి నోరు రాలేదు. ఆ సాయంత్రమే అభిప్రాయాలన్నీ తీసేసి, ఆ ముక్క ఒక్కటే నలభై సెకన్లకి కోసి, పరుగుకి డప్పుల మోత తగిలించి, 'ముగింపు చూడకుండానే రివ్యూ' అని పేరుపెట్టి వదిలింది. కొంచెం కసి కూడా ఉంది, ఎందుకు దాచడం? పదేళ్ల నుంచీ జనం ఆయన వల్ల తనని చూసి నవ్వారు, ఒక్కసారి తను నవ్విస్తే ఏం పోయింది?

తెల్లారేసరికి ముప్ఫైవేల మంది చూశారు. చర్చిలో ప్రార్థన మధ్యలో ఐసు వ్యాను జేమ్స్ నవ్వు ఆపుకోలేక పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆరాధన అయ్యాక మెట్ల మీద ఎవరో చెప్పు చేత్తో పట్టుకుని నాలుగడుగులు పరిగెత్తి చూపించారు, అందరూ విరగబడ్డారు. అహరోనుగారు కూడా నవ్వారు. తర్వాత చెప్పులు వేసుకుని, ఎవర్నీ ఏమీ అడగకుండా ఇంటికి వెళ్లిపోయారు. చివరికి ఏమైందండీ అని ఆయన అడగని మొదటి ఆదివారం అది. నిస్సీకి తల కొట్టేసినట్టయింది.

తీసేద్దామని ఆ పూటే అనుకుంది. సోమవారానికి లక్ష దాటింది, రేపు తీద్దామనుకుంది. బుధవారానికి రెండు లక్షలు. ఛానెల్‌కి తొమ్మిదివేల మంది చేరారు, ఇందు మిఠాయి పంచింది. పెదనాన్నగారింటి మీదుగా కాలేజీకి వెళ్లడం మానేసి చుట్టుదారి పట్టింది నిస్సీ. తీసెయ్యడం మాత్రం జరగలేదు. ఒక్క వేలు ఆనిస్తే పోయేదానికి వారం రోజులు కుదరలేదంటే దాని సిగ్గులేనితనం ఎంతదో మీరే చెప్పండి.

రెండో శనివారం కూడా మైకు పుచ్చుకుని హాలు ముందు నిలబడింది. పెదనాన్న మ్యాట్నీకి లోపలికెళ్లడం దూరం నుంచి చూసింది. అయిదైంది. ఆయన బయటికి రాలేదు. అయిదూ పదైంది, రాలేదు. గేటు మనిషి తికమకపడి గడియారం కోసం జేబులు తడుముకున్నాడు. అమ్మయ్య, పెదనాన్న బాగుపడ్డారు, ఈ వీడియో వల్ల ఒక మేలైనా జరిగిందనుకుని నిస్సీ వారం తర్వాత కాస్త తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

బొమ్మ వదలగానే అందరికంటే ముందు అయిదుగురు ఆడవాళ్లు దూసుకొచ్చారు. కొల్లేటికోట వైపు చేపల చెరువుల్లో పనిచేసేవాళ్లు. శనివారం ఒంటిపూటే పని కాబట్టి ఏలూరొచ్చి మ్యాట్నీ చూసుకుని వెళ్తారు. వాళ్లలో పెద్దదైన సరోజ నిస్సీ దగ్గర ఆగింది. "ఏవమ్మా, గంట మాస్టారు ఎప్పుడు బయటికొచ్చారండీ?" అని అడిగింది. రాలేదండీ, ఇవాళ చివరిదాకా చూస్తున్నారని నిస్సీ కాస్త గర్వంగానే చెప్పింది.

సరోజ మొహం వాడిపోయింది. "లోపలే ఉన్నారా? మరి మా బస్సు?"

అయిదుగురూ మలుపు వైపు పరిగెత్తారు. ఏమిటో అర్థంకాక నిస్సీ కూడా వెంట పరిగెత్తింది. బస్సాగే చోట ఎవరూ లేరు. అయిదింటి బస్సు వెళ్లిపోయి పావుగంటైంది, ఆ వైపు అదే ఆఖరి బస్సు. ఒక పిల్ల ఇంట్లో చంటిదాన్ని వదిలి వచ్చిందేమో, అక్కడే ఏడుపు లంకించుకుంది.

అప్పుడు సరోజ చెప్పింది. మ్యాట్నీ వదిలేది అయిదుంపావుకి, బస్సు కదిలేది అయిదింటికి. అందుకని మాస్టారు ముందే వచ్చి, బస్సు మెట్టు మీద ఒక కాలేసి, కండక్టరు నాగేశ్వరరావుకి సినిమా కథ మొదలుపెడతారు. ఆయన చెబితే డ్రైవరు కూడా ఇంజను ఆపి వెనక్కి తిరుగుతాడు. సరిగ్గా పట్టు మీదికొచ్చాక ఆపేసి, ఇక నాకు తెలీదండీ, చూసినవాళ్లు వస్తున్నారు, వాళ్లనే అడగండి అంటారు. ముగింపు వినందే కండక్టరు రైట్ అనడు, ప్రయాణికులు అననివ్వరు. ఇంతలో వీళ్లు వచ్చి ఎక్కుతారు, ముగింపు చెబుతారు, బస్సు కదులుతుంది.

"మా అమ్మ సినిమాలు చూసిన రోజుల్నించీ ఆయనే ఆపుతున్నారండీ. ఎవరో ఫోనులో పెట్టి ఆ పెద్దాయన్ని నవ్వులపాలు చేశారంట. సిగ్గుపడి కూర్చుండిపోయినట్టున్నారు. ఆ పెట్టినోళ్లు నా కంట పడాలి," అంది సరోజ.

మైకు మీద ఛానెల్ పేరు ఇంత లావు అక్షరాలతో ఉంది. నిస్సీ దాన్ని మెల్లగా వీపు వెనక్కి జరుపుకుంది. భూమి చీలిపోతే బాగుండుననిపించింది. ఏలూరులో రోడ్లు ఎన్నిచోట్ల చీలాయో, కావలసినప్పుడు మాత్రం ఒక్కటీ చీలలేదు.

ఇంతలో అహరోనుగారు ఆయాసపడుతూ వచ్చారు. ఖాళీ రోడ్డు చూశారు, ఏడుస్తున్న పిల్లని చూశారు. "తప్పు నాదేనమ్మా. ఒక్కరోజు పదిమందిలా కూర్చుందామనుకున్నాను," అన్నారు. రోడ్డు మధ్యకి నడిచి, ఎదురొస్తున్న జేమ్స్ ఐసు వ్యానుకి రెండు చేతులూ చాచి నిలబడ్డారు. చెరువుల దగ్గరికి ఐసు దింపి, రాత్రికి చేపలతో తిరిగొచ్చే బండి అది. జేమ్స్ బ్రేకు వేశాడు. ఆయన్ని చూసి ఈసారి నవ్వలేదు.

ఆడవాళ్లు బోర్లించిన చేపల ట్రేల మీద సర్దుకున్నారు. అహరోనుగారు వాళ్లని ఇళ్ల దగ్గర దింపి వస్తానని ఎక్కారు. నిస్సీని ఎవరూ పిలవలేదు, తనూ ఎక్కింది. కూర్చోవడానికి మిగిలింది ఐసు దిమ్మ పక్కన తడి గోనెసంచి ఒకటే. అక్కడే కూర్చుంది. ఊరు దాటి చెరువుల గట్ల మీదికొచ్చేసరికి నడుం దాకా గడ్డకట్టుకుపోయింది. తనకి ఆ మాత్రం కావలసిందేననుకుంది.

"పెదనాన్నా," అంది. ఆయన వైపు తిరిగింది. "ఆ వీడియో పెట్టింది నేనే. మీరని తెలిసే పెట్టాను. వారం నుంచీ తీసెయ్యాలనుకుంటూ తియ్యలేదు. మీకు మొహం చూపించలేక చుట్టుదారిన పోతున్నాను."

సరోజ ఆ మాటలు విని నిస్సీ వంక చూసిన చూపుకి ఐసు కరగాలి. నిస్సీ ఫోను తీసి, ఆ వీడియో అందరి ఎదుటే తీసేసింది. రెండు లక్షల ఎనభైవేల చూపులు గట్టు దాటేలోగా మాయమయ్యాయి.

"తెలుసులేమ్మా. జేమ్స్ ఆదివారమే చూపించాడు. అందులో అబద్ధమేముంది? పరిగెత్తాను, చెప్పు ఊడింది," అన్నారాయన. తన పై తువ్వాలు తీసి నిస్సీ భుజాల చుట్టూ కప్పారు. అంతవరకూ బిగబట్టుకున్న పిల్ల అప్పుడు ఏడ్చేసింది.

సరోజకి కోపం సగం తగ్గింది. ఎంతైనా సినిమా చూసొచ్చిన మనిషి, ఎంతసేపని వేరే సంగతులు మాట్లాడుతుంది? మాస్టారు జీవితంలో మొదటిసారి ముగింపు చూశారు కాబట్టి ఆయన అభిప్రాయమేమిటో చెప్పాలని పట్టుబట్టింది. ఆ కుర్రాడు మనిషైపోవడం బాగుందా, బాలేదా? చంటిదాన్ని వదిలొచ్చిన పిల్ల కూడా ముక్కు తుడుచుకుని ముందుకు జరిగింది. జేమ్స్ వినబడాలని వ్యాను నెమ్మది చేశాడు.

అహరోనుగారు ఇబ్బందిగా నెత్తి గోక్కున్నారు. "ఏం చూశానమ్మా. అయిదైన దగ్గర్నించీ నాగేశ్వరరావు రైట్ అంటున్నట్టే ఉంది. తెర మీద ఎవరు బతికారో, ఎవరు పోయారో ఒక్క ముక్క ఎక్కలేదు. మీరే చెప్పాలి."

ఇక చూడాలి. అయిదుగురూ ఒక్కసారే అందుకున్నారు. మనిషయ్యాక వాడికి ముసలితనం వస్తుంది, ఆ పిల్ల చాకిరీ చెయ్యలేక చస్తుందని ఒకామె వాదించింది. కలిసి ముసలాళ్లవ్వడమే కదే కాపురమంటే అని సరోజ కసిరింది. అహరోనుగారు అందరికీ తలూపుతూ, బాగుందమ్మా, అదీ బాగుందంటున్నారు.

నిస్సీ కళ్లు తుడుచుకుంది. ఎలాగైనా ఈ తప్పు దిద్దుకోవాలనిపించింది. "పెదనాన్నా, వచ్చే శనివారం మీరు హాయిగా చివరిదాకా చూడండి. బస్సు దగ్గరికి నేను వెళ్తాను. కండక్టరుగారికి కథ నేను చెబుతాను," అంది.

అహరోనుగారు చాలా జాలిగా తల అడ్డంగా ఊపారు.

"వద్దులేమ్మా. పావుగంట నడపాల్సిన కథ అది. నువ్వు నలభై సెకన్లలో తేల్చేస్తావు."

వ్యానంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది సరోజ. నిస్సీ తువ్వాలుతో మొహం కప్పుకుని, సిగ్గుతో చచ్చిపోతూనే, వాళ్లతో కలిసి నవ్వింది.