భోజన్న పంపిన పెళ్ళికొడుకు బొమ్మ

మా భోజన్నకు కొంచెం పిచ్చి ఉంది. నిర్మల్‌లో బొమ్మలు వేసే ఇంట పుట్టి, సౌదీకొచ్చి తాయిఫ్‌లో గోడలకు రంగులు వేసేవాడికి ఆ మాత్రం ఉండాలిలెండి. యుద్ధం ముంచుకొస్తున్న రోజులు. కువైట్ నుంచి పారిపోయి వచ్చిన అబ్దుల్ వహాబ్ అనే ముసలాయన అద్దెకు దిగిన ఇంట్లో ఇద్దరం పనిచేస్తున్నాం. ఆయన సామానులో ఇరాన్ దేశపు పాత బొమ్మల పుస్తకం ఒకటుంది. పేజీకి ఒక్కరే మనిషి. ఒకచోట తలపాగా కుర్రాడు పువ్వు పట్టుకుని ఒంటరిగా నిలబడ్డాడు. చుట్టూ వెడల్పాటి అంచు, దాన్నిండా బంగారు తీగలు, పువ్వులు. మావాడు నిచ్చెన దిగొచ్చి, చేతిలో బ్రష్షు ఉందన్న సంగతి మరచి, నన్ను ఆనుకుని నోరు తెరిచి చూశాడు. నా చొక్కా పోయింది.

అప్పుడే ఇంటి దగ్గర వాళ్ళమ్మ సంబంధం చూస్తోంది. పిల్ల పేరు శ్రీలత, కొయ్యబొమ్మలకు కళ్ళు దిద్దుతుంది. ఫొటోలు చూసి ఇద్దరు ముగ్గురిని వద్దందట. అది విన్న నిమిషం నుంచి వీడికి ఆ పిల్లే కావాలి.

"కండ్లు దిద్దే పిల్లకు ఫొటో ఏం చూపిస్తమన్నా? బొమ్మనే పంపుత," అన్నాడు.

శుక్రవారాలన్నీ కూర్చుని, ఆ ఇరాన్ కుర్రాడిలాగే తన బొమ్మ వేసుకున్నాడు. తలపాగా, చేతిలో గులాబీ, పక్కన పిట్ట కూడా లేదు. అంచునిండా పువ్వులే పువ్వులు. ముక్కు మాత్రం అసలుకంటే సన్నగా పెట్టుకున్నాడు. అదేమిటంటే అలిగాడు.

బొమ్మను నిర్మల్‌కు పోస్టు చేశాడు. రియాద్ మీద మిసైళ్ళు పడుతున్నాయని రేడియో చెబితే గదిలో అందరం వణికాం. వీడు శ్రీలతకు బొమ్మ నచ్చిందో లేదోనని వణికాడు.

యుద్ధం ఆగాక కవరొచ్చింది. భోజన్న చింపాడు. లోపల తన తలపాగా కనబడింది. మావైపు ఫొటో తిరిగొచ్చిందంటే సంబంధం వద్దన్నట్టే. కవరు నా ఒళ్ళో పడేసి, గోడవైపు తిరిగి పడుకుని, అంత మీసమున్న మనిషి ఏడ్చాడు. నాకు ఒళ్ళు మండింది. మావాడికి ఏం తక్కువైందట ఆ మహాతల్లికి, అనుకుంటూ బొమ్మ పూర్తిగా బయటికి లాగాను.

అంచులో, పువ్వుల మధ్య, ఒక పిల్ల నిలబడి ఉంది. వీడు వేసింది కాదు. బంగారు తీగను తుడిచి జాగా చేసుకుంది. ఆకుపచ్చ చీర, నడుం మీద చెయ్యి, వీడినే చూస్తున్న ఇంతింత కళ్ళు. ఒక పాదం మాత్రం అంచు గీత దాటి, వీడు నిలబడ్డ చోటికి వచ్చేసింది.

నేను వాణ్ణి భుజం పట్టి కుదిపాను.

"లేరా భోజన్నా. పిల్ల కుడికాలు లోపట పెట్టింది."