పిజ్జా పెట్టి సంతకం అడిగినవాడు

అమెరికాలోని టొలీడోలో స్కూలు బస్సు నడిపే డార్లీన్ పోటర్, ఊరికే పెట్టే తిండిని ఎన్నడూ వదిలిన మనిషి కాదు. ఆ మంగళవారం ఆమె, పదకొండు మంది స్నేహితురాళ్లు కలిసి బంతి దొర్లించి కర్రలు పడగొట్టే బౌలింగ్ ఆడే హాలుకు ట్రెంట్ అనే అతను పన్నెండు పిజ్జాలు తెచ్చాడు. పన్ను సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ అతన్ని పంపింది. తినే ముందు అందరూ తలా ఒక ఉత్తరం మీద సంతకం పెట్టాలట.

డార్లీన్ ఉత్తరం చదివింది. పన్ను పత్రాలను సర్కారే ఉచితంగా నింపి ఇచ్చే పద్ధతి మాకొద్దని వాషింగ్టన్‌కు విన్నపం.

"నాకెందుకొద్దయ్యా?" అంది.

"మీ స్వేచ్ఛ కోసం మేడమ్."

"పోయినేడు మీ ఉచిత సాఫ్ట్‌వేరే చివరి పేజీలో ఎనభై తొమ్మిది డాలర్లు గుంజింది. అదేనా స్వేచ్ఛ?"

"సంతకం పెట్టి తగలడవే, చీజ్ గడ్డకడుతోంది," అని వెనక నుంచి స్నేహితురాలు మార్జ్ విసుక్కుంది.

డార్లీన్ కలం తీసింది. "సరేగానీ, నీ పన్ను పత్రం ఎవరు నింపుతారు నాయనా?"

ట్రెంట్ అలవాటు లేకపోయినా నిజం చెప్పేశాడు. "మా బావమరిది. కాగితం మీద, ఊరికే."

పన్నెండు మందీ ఉత్తరాలు తిరగేసి, ట్రెంట్‌నే అడిగి వెనకవైపు ఆ బావమరిది ఫోను నంబరు రాసుకుని సంచుల్లో పెట్టుకున్నారు. పిజ్జా మాత్రం ఒక్క ముక్క మిగల్చలేదు.