చలవరాయి అని నేను రాసిన తెల్లరాయి

పాల్వంచ దాటాక అడవి అంచున ఉన్న సున్నపు బట్టీకి నేను రెండోసారి వెళ్లింది రాళ్ల కోసం కాదు, తప్పు ఒప్పుకోవడానికి. ఎనభైల చివర, నేను భూగర్భ సర్వేలో పనిచేస్తున్నప్పటి మాట. మొదటిసారి వెళ్లినప్పుడు, గుట్ట మీది తెల్లరాయిపై ఆమ్లం చుక్క వేస్తే సున్నపురాయిలాగే పొంగింది. చలవరాయి అని రాసుకొని, మంచి సున్నం వస్తుందని బట్టీ యజమానికి చెప్పాను. ఏళ్లుగా బట్టీ కాల్చే ముత్తమ్మ ఆ రాయిని చేత్తో ఎత్తి చూసి, "బరువున్నది, నల్లచుక్కలున్నయి. ఇది సున్నానికి రాదు సారూ" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. తర్వాత సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ చుక్కలు అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం. ఆ రాయి కార్బొనటైట్. సున్నపు పదార్థం నిండిన శిలాద్రవం గడ్డకట్టి ఏర్పడే అరుదైన శిల. ఇనుము కలిసి ఉండటంతో మంచి సున్నం రాదు.

ఖమ్మంలో ఉదయం ఆరింటి బస్సు ఎక్కి, కొత్తగూడెం మీదుగా పది గంటలకు పాల్వంచలో దిగాను. అక్కడి నుంచి జీపులో మనిషికి రెండు రూపాయలు.

"గా బట్టీకా సారూ? అండ్ల మొన్న కాల్చిన సున్నమంత చెడిపోయింది. కాల్చినామెను పనిల నుంచి తీసేసిండ్రు" అన్నాడు డ్రైవరు.

"ఆమె తప్పేముంది?"

"రాయి మంచిదని పెద్ద ఆఫీసరే చెప్పిండంట. ఇగ తప్పు మంట పెట్టినామెదే గదా!"

ఆ ఆఫీసరు నేనే.

నా పొరపాటుకు మూలం చదువులోనే ఉంది. ఇలాంటి శిలలు సాధారణంగా ఖండం చీలే చోట పుడతాయి. ఇక్కడివేమో భూభాగాలు ఢీకొని నలిగిన పాత శిలలు. కనుక ఇక్కడ ఉండవనుకున్నాను. కానీ చీలిన చోటే మళ్లీ మూసుకుపోతే, చీలిన నాడు పుట్టిన రాయి నలిగి అచ్చం చలవరాయిలా మారుతుంది. రెండు నేలలు కలిసిన అతుకుకు అదే గుర్తు.

ముత్తమ్మ ఇంటి ముందు కట్టెలు కొడుతోంది. "మల్ల వచ్చిండ్రా? ఈసారి ఏం రాయి తెచ్చిండ్రు?" అంది. జరిగింది చెప్పాను. గొడ్డలి కింద పెట్టింది.

"నాకు చెప్తే ఏమొస్తది సారూ? బట్టీ కాడ, అందరి ముందట చెప్పుండ్రి."

ఆమెతో పాటు బట్టీకి వెళ్లి, చెడిన సున్నపు కుప్ప పక్కన, పనివాళ్లందరి ముందు నిలబడి చెప్పాను. యజమాని ముత్తమ్మ వైపు చెయ్యి చూపించాడు. "అయితే ఈమె తప్పేం లేదంటారా?"

"లేదు. రాయిని తప్పుగా చదివింది నేను."

"ముత్తమ్మా, రేపు పొద్దున్నే వచ్చెయ్."

"వస్త. కానీ రాళ్లు నేనే ఏరుత. సారు చెప్పిన రాయి ఒక్కటి గూడ పెట్టనియ్య."

అందరూ నవ్వారు. నేను తల దించుకునే ఉన్నాను.

ఆ శిల గురించి తర్వాత చాలా రాశాను. ఎంత రాసినా, మొదట దాన్ని గుర్తించింది నేను కాదన్న మాట ఇప్పటికీ సిగ్గుగా గుచ్చుతుంది. అటు రాళ్లు చూడటానికి వెళ్లేవారికి ఒక్క సూచన: ఆమ్లం సీసాతో పాటు చిన్న అయస్కాంతం కూడా పట్టుకెళ్లండి. ఆ రెండూ సంచిలోంచి తీయకముందే, ఆ రాయిని కాల్చి చూసినవాళ్లను అడగండి.