టీ ముంతల్లో గోబీ నారు

1986 వర్షాకాలంలో నేను కలకత్తాలో ఒక ప్రభుత్వ కార్యాలయం తోటలో క్యాజువల్ మాలీగా ఉన్నాను. కార్యాలయం పేరు అనవసరం. క్యాజువల్ అంటే రోజు కూలీ. పర్మనెంటు కావాలంటే ట్రేడ్ టెస్టు నెగ్గాలి. మాలీకి టెస్టంటే కాగితం మీద రాసేది కాదు. విత్తనాలు ఇస్తారు, ఐదు వారాల్లో నాటడానికి పనికొచ్చే నారు తెచ్చి చూపించాలి. ఆ ఏడు ఇచ్చినవి టమాటా, గోబీ. గోబీ అంటే కాలీఫ్లవర్. నా వయసు పరిమితి దాటడానికి కొద్ది నెలలే ఉంది. ఆ ఏడు తప్పితే ఇక జన్మంతా క్యాజువలే.

అప్పటికే నారు పెంచే అద్దాల షెడ్డు వేసవి గాలివానకు కూలిపోయింది. మరమ్మతు ఫైలు బల్ల మీంచి బల్ల మీదికి తిరుగుతోంది. షెడ్డు లేదు గనుక టెస్టు వచ్చే ఏడే అన్నారు ఓవర్సీరు బాబు. తోట పనంతటికీ ఆయనే పై అధికారి, డిప్లొమా ఉన్న మనిషి. నేను ఇంట్లో పెంచి తెస్తానన్నాను. "ఇంట్లోనా? ఎక్కడ, మంచం కిందా?" అని నవ్వారు. నేను బడి గడప తొక్కినవాణ్ణి కాను, విత్తనాల పొట్లాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువుకున్నవాణ్ణి. ఆ నవ్వు నాకింకా గుర్తే. అయినా పొట్లాలు చేతిలో పెట్టారు, అది ఒప్పుకోవాలి.

మేముండేది కలకత్తా పక్కనే లిలువాలో, ఒక గది, తూర్పు ముఖంగా చిన్న వరండా. కుండీల కోసం స్టేషను బయట టీ దుకాణం ఆవిణ్ణి అడిగాను, ఆవిణ్ణి అందరూ మాసీ, అంటే పిన్ని, అనేవారు. కలకత్తాలో టీ మట్టి ముంతల్లో ఇస్తారు, తాగి పారేస్తారు. పగలనివి నాకు కావాలన్నాను. ఆవిడ దుకాణమంతా వినబడేలా, "చూడండి బాబూ, మన తెలుగు మాలీకి మతి పోయింది! ఎంగిలి ముంతలు కావాలట!" అంది. అలా అంటూనే సాయంత్రానికి గోనె సంచీ నిండా ఏరి పెట్టింది.

ఇంట్లో నా భార్య నరసమ్మ సంచీ చూసి గుమ్మంలోనే ఆపేసింది. "ఏటిది? ఎవులెవులో తాగి ఇసిరేసిన ముంతలు ఇంట్లోకి ఎట్టుకొచ్చినావేటి? బుద్ధుందేటి నీకు?" వరండా దాటి లోపలికి రానివ్వనని సర్దుకుంది. నేను ముంతలు దులిపి, తడిపి, అడుగున మేకు తిప్పి చిల్లు పెట్టి, మట్టి నింపి విత్తాను.

అక్కడే తప్పు చేశాను. మాసీ టీలో పాలూ పంచదారా దండి. ముంత ఆ తీపిని పొడి మట్టిలా పీల్చుకుంటుంది, దులిపితే పోదు. మూడో రోజుకి చీమల బారు. టమాటా గింజలు చాలావరకు మోసుకుపోయాయి. మొలిచిన గోబీ మొలకలు మెడ దగ్గర నల్లబడి ఒరిగిపోయాయి. దాన్ని నారుకుళ్ళు అంటారు. తడి, మురికి కలిస్తే వచ్చే బూజు తెగులు. ఐదు వారాల్లో ఒక వారం పోయింది. పొట్లాల్లో సగం గింజలు మిగిలాయి, అంతే.

నేను వరండాలో తల పట్టుకుని కూర్చున్నాను. నరసమ్మ వంట ముగించి, బొగ్గుల పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద ఆ ముంతలు ఒక్కొక్కటే బోర్లించడం మొదలుపెట్టింది. ఏమిటని అడిగితే, "నిప్పులో కాలితే ఎంగిలి పోద్ది. అప్పుడు లోపలెట్టుకో, వాన జల్లు పడదు" అంది. ఆమె కాల్చింది ఎంగిలి పోగొట్టడానికే. పంచదార, బూజు కూడా దాంతోనే పోయాయి. అది చూసి నేను మట్టిని కూడా పెనం మీద వేయించాను. దానికి వేరే తిట్లు తిన్నాను, "అట్లేసుకునే పెనం అది!" అని.

మిగిలిన గింజలు మళ్ళీ విత్తాను. ముంతల్ని పళ్ళెంలో నీళ్ళలో కాసేపు నిలబెట్టి, అడుగు నుంచే తాగనిచ్చాను. పైనుంచి చుక్క పోయలేదు. పొద్దుటి ఎండకి వరండాలోకి, వానొస్తే గదిలోకి. మొక్క వెలుతురు వైపు వాలుతుంది గనుక రోజూ ముంత తిప్పేవాణ్ణి. పురుగు రాకుండా పాత దోమతెర. పొడుగ్గా సాగకుండా రోజూ అరచేత్తో మెల్లగా నిమిరేవాణ్ణి, అలా చేస్తే కాండం గట్టిపడుతుంది. చివరి వారం పగలంతా బయటే ఉంచి ఎండకి, గాలికి అలవాటు చేశాను.

టెస్టు రోజున పళ్ళబుట్టల్లో ముంతలు పేర్చి లోకల్ రైల్లో తీసుకెళ్ళాను. ఓవర్సీరు బాబు చూసి, "ఏ నర్సరీలో కొన్నావు?" అన్నారు. నా ఒళ్ళు మండింది. ఒక ముంత తీసి ఆయన ముందే నేలకేసి కొట్టాను. పెంకు ఊడింది. మట్టి చుట్టూ తెల్లటి వేళ్ళు అల్లుకుని, ముద్ద ముంత ఆకారంలోనే నిలబడింది. "ఏ నర్సరీ వాడు టీ ముంతల్లో అమ్ముతాడు బాబూ?" అన్నాను. ఆయన ఆ ముద్దని చేతిలోకి తీసుకుని, కాసేపు చూసి, రిజిస్టరులో ఉత్తీర్ణుడని రాసి సంతకం పెట్టారు. నవ్వలేదు. ఆ సంతకంతో నేను పర్మనెంటు మాలీనయ్యాను, హెడ్ మాలీగా రిటైరయ్యాను.

మరుసటేడు ఆయన ఈ పద్ధతిని తన పేరుతో పైకి రాసి పంపారు. అందులో నా పేరు లేదు, మాసీ పేరు లేదు, నరసమ్మ పేరు అసలే లేదు. నాకు కోపం లేదంటే అబద్ధం. ఆయన పొట్లాలు ఇవ్వకపోతే ఏదీ జరిగేది కాదన్నదీ నిజమే.

నారుకి అద్దాల షెడ్డు అక్కర్లేదు. పొద్దుటి ఎండ, అడుగు నుంచి నీళ్ళు, శుభ్రమైన కుండీ చాలు. కుండీని ముందు నిప్పు మీద కాల్చండి. ఆ ఒక్క పనీ నేను నేర్చుకున్నది తోటలో కాదు, నరసమ్మ పొయ్యి దగ్గర.